మట్టి ముట్టిన చేతులు



మాస్టారి పేరున ఈ ఉపన్యాసం ఇవ్వమని అడిగినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోలేదు. ఆయన దగ్గర రెండేళ్లు పాత నిబంధన చదివాను. ఆ రెండేళ్లలో ఆదికాండం మొదటి మూడు అధ్యాయాలు దాటి మేము ముందుకు నడిచింది తక్కువే. సిలబస్ పూర్తి కావడం లేదని కొందరు గొణుక్కునేవారు. ఇప్పుడు తలచుకుంటే, ఆ మూడు అధ్యాయాల్లోనూ ఆయన మాకు నేర్పింది ఒక్క క్రియాపదమే అనిపిస్తుంది.

ఆ పదం మూడో అధ్యాయం ఇరవై ఒకటో వచనంలో ఉంది. తప్పు జరిగిపోయింది, తీర్పు చెప్పడమూ అయిపోయింది. ఇక తోటలోనుంచి పంపివేయడమే మిగిలింది. ఆ మధ్యలో, ఎవరూ అడగకుండానే, దేవుడు ఆదాముకూ అతని భార్యకూ తోలు బట్టలు తయారుచేసి తొడుగుతాడు. మన ఇళ్లలో తరతరాలుగా చదువుకుంటున్న తెలుగు బైబిల్లో అక్కడ 'చేయించి' అని ఉంటుంది. హీబ్రూలో ఉన్నది మాత్రం 'చేసి'. ఎవరిచేతనో చేయించలేదు, తానే చేశాడు. అనువాదకుల మనసులో ఏముందో నేను ఊహించబోను. దేవుడంతటివాడు తోలుపనికి కూర్చోవడం ఏ భాషవాడికైనా కలం దగ్గర ఒక క్షణం తడబాటు కలిగించే విషయమే.

చాపెల్లో ఆ భాగం చదవాల్సి వచ్చినప్పుడల్లా మాస్టారు 'చేసి' అనే చదివేవారు. ఒకసారి ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, వాక్యం మార్చి చదివారు" అన్నారు. మాస్టారు నెమ్మదిగా, "తోలుపని చేయించేవాళ్లను చిన్నప్పుడు మా ఊళ్లో చూశానండీ. చేసేవాణ్ణి మా ఇంట్లో చూశాను. ఈ వాక్యంలో ఉన్నది చేసేవాడే" అన్నారు.

మాస్టారి నాన్నగారు చెప్పులు కుట్టేవారు. ఆ పని ఎలా ఉంటుందో మాస్టారు మాకు క్లాసులో చెప్పారు, సిగ్గుపడుతూ కాదు, హీబ్రూ ధాతువు చెప్పినంత శ్రద్ధగా. పచ్చితోలును సున్నపు నీళ్లలో నానేసి వెంట్రుకలు వదిలించాలి. లోపలి వైపు కండ అంతా గీకేయాలి. తంగేడు చెక్క దంచి లందలో వేసి, ఆ నీళ్లలో తోలు ఊరాలి. ఆ వాసన చేతుల్ని వదలదు. అన్నం తినేటప్పుడూ వదలదు. ఆ తరవాతే రంపెతో కోయడం, ఆరెతో చిల్లి పొడవడం, తోలు వారు దూర్చి బిగించడం. ఆ ఆరె మాస్టారి బల్ల మీద కలాల మధ్య ఉండేది. దాని కొయ్యపిడి అరచేతి కింద అరిగి నున్నగా మెరిసేది.

ఆయన చెప్పినవాటిలో నేను మరవలేనిది కొలత సంగతి. ఊళ్లో ఆసామి చెప్పులు కావాలంటే పాదం కింద పుల్ల పెట్టి, పొడవుకు విరిచి, దూరంనుంచి విసిరేవాడట. వీళ్ల నాన్న ఆ పుల్ల ఏరుకుని దాన్నిబట్టి కుట్టాలి. రోజంతా ఆసామి కాలిని అంటిపెట్టుకుని ఉండే చెప్పు ఈ చేతుల్లోంచి వచ్చిందే. ఈ చెయ్యి మాత్రం ఆ కాలిని ముట్టుకోకూడదు. "పుల్ల కొలతతో చెప్పు కుట్టొచ్చు. మనిషిని ముట్టుకోకుండా చొక్కా తొడగలేం కదా. ఆదామును దేవుడు ముట్టుకున్నాడు, అదీ తీర్పు చెప్పాక" అనేవారు మాస్టారు.

సృష్టి కథలో దేవుడికీ మనిషికీ ఉన్న సంబంధం ఏమిటని అడిగితే, సర్వశక్తిమంతుడు, సేవకుడు అనే మాటలు మన నోటికి ముందుగా వస్తాయి. అవి తప్పని నేననను. కానీ కథను చెయ్యి ఎక్కడ పడిందో చూసుకుంటూ చదివితే ఇంకొకటి కనబడుతుంది. ఇది తన చేతులతో పనిచేసే దేవుడి కథ. మనిషిని ముట్టుకునే దేవుడి కథ. ఈ సంగతి ఎంత పెద్దదో తెలియాలంటే దాని పక్కన ఇంకో కథను పెట్టి చూడాలి.

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య దేశంలో, బైబిలు కంటే ముందే, అత్రహసీస్ అనే కథ ఉండేది. దాని పాత ప్రతి క్రీస్తుపూర్వం 17వ శతాబ్దంలో మట్టిపలకల మీద రాసింది. మనుషులు ఇంకా లేని కాలం. పనంతా దేవతలదే. వాళ్లలోనూ పెద్దా చిన్నా ఉన్నారు. ఇగిగి అనే చిన్న దేవతలు తట్టలు మోసి, పారలు పట్టి, నదీ కాలువలు తవ్వుతారు. ఏళ్లతరబడి తవ్వి తవ్వి విసిగిపోతారు. పనిముట్లకు నిప్పుపెట్టి, ఎన్లిల్ అనే పెద్ద దేవుడి ఇంటిని రాత్రివేళ చుట్టుముడతారు. ప్రపంచ సాహిత్యంలో మనకు తెలిసిన తొలి సమ్మెల్లో ఇదొకటి. పెద్దలు కూర్చుని ఆలోచిస్తారు. ఒక దేవతను చంపి, ఆ రక్తమాంసాల్ని బంకమట్టితో కలిపి మనిషిని చేస్తారు. ఎందుకు? తట్ట మోయడానికి. దేవతల పని మనిషి నెత్తికెక్కింది, దేవతలు విశ్రాంతి తీసుకున్నారు. తరవాత మనుషులు పెరిగి వాళ్ల గోల ఎక్కువై, ఎన్లిల్‌కు నిద్ర పట్టకపోతే తెగులు పంపాడు, కరవు పంపాడు, చివరికి వరద పంపాడు.

మన భాషలో దీనికి ఒకే మాట ఉంది. వెట్టి. ఆ కథలో మనిషి పుట్టిందే వెట్టికి.

బాబిలోను చెరలో ఉన్న యూదులకు ఇలాంటి కథలు తెలిసే ఉంటాయని, ఆదికాండం వీటికి జవాబుగా కొత్త కథ చెబుతోందని చాలామంది పండితుల అభిప్రాయం. నాకూ అలాగే అనిపిస్తుంది. ఎందుకంటే ఆదికాండం అదే బంకమట్టిని తీసుకుని కథను పూర్తిగా తిరగరాసింది. ఇక్కడ కూడా నీళ్లున్నాయి, పని ఉంది, పైగా ఒక తోట ఉంది. కానీ తోట వేసింది దేవుడు. రెండో అధ్యాయంలో ముందు మనిషిని చేస్తాడు, తరవాత తోట నాటుతాడు, చెట్లు మొలిపిస్తాడు. మనిషికి తిండి ఆయనే పెడతాడు. దేవుడికి మనిషి పెట్టాల్సిన నైవేద్యం ఊసే ఆ రెండు అధ్యాయాల్లో లేదు. మొదటి అధ్యాయంలో మనిషి ఆరో రోజున కలిగాడు. మర్నాడు ఏడో రోజు. అంటే మనిషి కళ్లు తెరిచాక చూసిన మొదటి పూర్తి రోజు సెలవు. పనికి ముందే విశ్రాంతి. అత్రహసీస్‌లో దేవతలు విశ్రమించాలని మనిషి పనిచేస్తాడు. ఇక్కడ పనిచేసిన దేవుడు విశ్రమిస్తూ ఆ రోజును మనిషితో పంచుకుంటాడు.

నినెవెలో దొరికిన పలకల ఆధారంగా జార్జ్ స్మిత్ అత్రహసీస్ లాంటి కథలను ఇంగ్లిషులో పుస్తకంగా తెచ్చింది 1876లో. అదే ఏడు మన దేశంలో ధాత కరవు మొదలైంది. ఒంగోలు ప్రాంతంలో జనం ఆకలికి రాలిపోతున్నారు. కరవు పని కింద ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించాడు. ఎక్కువమంది మాదిగలు. పార, తట్ట, కాలువ. మూడున్నర వేల ఏళ్లకు పైబడిన ఆ కథలో ఉన్న పనిముట్లే. తేడా ఏమిటంటే, సాయంత్రం పని అయ్యాక ఆ గట్ల మీద వాళ్లకు చెప్పిన కథ వేరు. కరవు సాయం సాగినంతకాలం, తిండి కోసం చేరారనే మాట రాకూడదని, క్లౌ బాప్తిస్మాలు ఆపాడు. తరవాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ సంఖ్య చాలా పుస్తకాల్లో ఉంటుంది. నన్ను పట్టి నిలిపేది ఆ సంఖ్యకంటే ముందునుంచీ అక్కడ ఉన్న మూడు కట్టుబాట్లు. విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. మొదటి రెండూ ఎవరైనా ఊహించేవే. మూడోదే ఊళ్లలో గొడవ పెట్టింది. ఏ వేళ కబురొస్తే ఆ వేళ పరుగెత్తాల్సిన వాళ్లు వారానికో రోజు రామంటున్నారు. కోతల వేళ ఆదివారం రామంటే ఆసామికి ఎలా ఉంటుంది? దెబ్బలు పడ్డాయి, పని పోయింది, బావి దగ్గర నీళ్లు అందలేదు. అయినా చాలామంది నిలబడ్డారు. ఎర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు, అక్షరం రాని తోలుపనివాళ్లు, ఊరూరా తిరిగి ఈ మాట చెప్పారు. ఆదికాండం మొదటి అధ్యాయానికి తెలుగులో ఎవరో పెద్ద వ్యాఖ్యానం రాశారా అని మాస్టారిని ఒకసారి అడిగాను. "రాశారు. ఆదివారం పనికి వెళ్లకుండా రాశారు" అన్నారు.

ఇక స్వరూపం సంగతి. దేవుడు తన స్వరూపంలో నరుణ్ణి సృజించాడన్న మాట మీద అన్ని భాషల్లో కలిపి ఎన్ని పుస్తకాలు వచ్చాయో లెక్కలేదు. బుద్ధి అన్నారు, ఆత్మ అన్నారు, మాట్లాడే శక్తి అన్నారు. హీబ్రూలో ఆ పదం 'త్సెలెం'. సంఖ్యాకాండంలో, పగలగొట్టాల్సిన విగ్రహాలకు కూడా ఇదే పదం. 1979లో సిరియాలో టెల్ ఫెఖెరియె దగ్గర ఒక రాజు శిల్పం బయటపడింది. క్రీస్తుపూర్వం 9వ శతాబ్దపు గూజానా పాలకుడిది. దాని ఒంటి మీద రెండు భాషల్లో శాసనం ఉంది. ఆరమెయిక్ పాఠంలో ఆ శిల్పాన్ని పిలిచిన రెండు మాటలూ మన ఆదికాండంలో 'స్వరూపం', 'పోలిక' అని వచ్చిన మాటలకు తోబుట్టువులే. అంటే ఆ కాలపు మనిషి చెవికి త్సెలెం అంటే గుళ్లో నిలబెట్టిన రాతివిగ్రహం, ఇక్కడ ఫలానావారి ఏలుబడి ఉందని చెప్పే బొమ్మ. ఆ ప్రాంతాల్లో దేవుడి స్వరూపం అనిపించుకునే గౌరవం రాజుది. ఆదికాండం ఆ మాటను సింహాసనం మీదినుంచి దించి మనుషులందరికీ, మగవారికీ ఆడవారికీ, ఒకే వాక్యంలో ఇచ్చేసింది. విగ్రహం చేసుకోవద్దని గట్టిగా చెప్పే గ్రంథంలో దేవుడు తానే నిలిపిన విగ్రహం ఒకటుంది. అది మనిషి.

ఇది తెలుగునాట చెప్పుకుంటే ఎలా వినిపిస్తుందో నేను విడమర్చనక్కర్లేదు. గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడును గుళ్లో వేలాడే గబ్బిలంతో శివుడికి చెప్పి పంపిన కావ్యం జాషువా 1941లో రాశారు. ఆయన క్రైస్తవ ఇంట్లో పుట్టినవారు. చర్చిలోనూ కులం తన పక్కన కూర్చోవడం ఆయన చూశారు. మన ఆలయాల్లోనూ పాత బెంచీలకు పాత హద్దులుండేవి. సమాధుల తోటల్లో హద్దులు కొన్ని చోట్ల నేటికీ ఉన్నాయి. దేవుడు నిలిపిన విగ్రహాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నవాళ్లలో మనమూ ఉన్నామని ఈ వేదిక మీదనుంచి చెప్పకపోతే మాస్టారి పేరు తలవడానికి నాకు హక్కు లేదు.

రెండో అధ్యాయానికి వస్తే మాటలు తగ్గి చేతులు ముందుకొస్తాయి. దేవుడు నేలమన్ను తీసుకుని నరుణ్ణి రూపొందించాడు. అక్కడి క్రియ 'యాత్సర్'. కుమ్మరిని హీబ్రూలో పిలిచే 'యోత్సేర్' అనే మాట దాన్నుంచి వచ్చిందే. మొదటి అధ్యాయంలో కలుగుగాక అంటే కలిగింది. ఇక్కడ అలా అనలేదు, వంగి కూర్చున్నాడు. ఆదాము అనే పేరు, నేల అనే అర్థమున్న 'అదామా' అనే పదం, రెండూ ఒక కుండలోని మట్టే. తెలుగులో మన్ను, మనిషి అనే మాటలు పక్కపక్కన అలాగే వినిపిస్తాయి. ఒకటి మన పాత తెలుగు మాట, ఇంకొకటి సంస్కృతం నుంచి వచ్చింది. చుట్టరికం లేదు, చెవికి మాత్రం ఉంది. ఆ యాదృచ్ఛికం నాకెంతో ఇష్టం.

ఆ పైన ఊపిరి. నాసికారంధ్రాల్లోకి ఊదాడంటే ముఖంలో ముఖం పెట్టాడన్నమాట. ఊపిరి దూరంనుంచి విసిరేది కాదు. పుట్టగానే ఏడవని బిడ్డ నోట్లోకి మంత్రసాని ఊదినట్టు ఊదాడు. అయితే ఇక్కడ గర్వపడడానికి చోటు లేదు. 'జీవప్రాణి' అని మనకు వాడిన హీబ్రూ మాటే చేపలకూ పశువులకూ వాడారు. పశువులనూ పక్షులనూ ఆ నేలనుంచే రూపొందించాడు. మనకున్న ప్రత్యేకత మట్టిలో లేదు, ప్రాణంలోనూ లేదు. మనల్ని దేవుడు పలకరించాడు, ఒక పని అప్పగించాడు. అంతే తేడా.

ఆ పని తోటను సేద్యం చేయడం, కాయడం. మొదటి అధ్యాయంలోని 'ఏలుడి' అనే మాటను పట్టుకుని, ప్రకృతి విధ్వంసానికి క్రైస్తవ ఆలోచనే మూలమని 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసం ఇప్పటికీ చర్చలో ఉంది. ఆ విమర్శలో నిజం ఉంది, ఆ మాటను అలా వాడుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఏలమన్న వెంటనే తిండిగా ఇచ్చింది గింజలు, కాయలు, పండ్లు మాత్రమే. చంపే హక్కు ఆ ఏలుబడిలో లేదు. సేద్యం చేయడానికి వాడిన 'ఆబద్' అనే క్రియకు సేవించడమనే అర్థమూ ఉంది. ఈ రెండు క్రియలే, సేవించడం, కాయడం, తరవాత సంఖ్యాకాండంలో గుడారంలో లేవీయుల పరిచర్యకు జంటగా వస్తాయి. నాగలి పట్టడమూ పరిచర్యేనని ఆ పదాలు చెబుతున్నాయి. కాయడమనే ఆ రెండో మాటను కయీను నాలుగో అధ్యాయంలో తమ్ముడి విషయంలో కాదంటాడు. అప్పటికే నేల నోరు తెరిచి ఆ తమ్ముడి రక్తం తాగింది.

ఇప్పుడు చల్లపూటకు వద్దాం. మన అనువాదకులు ఎంత చక్కటి మాట వేశారు! ఎండ తగ్గి గాలి తిరిగే వేళ, తెలుగు పల్లెలో అరుగుల మీదికి మనుషులొచ్చే వేళ. హీబ్రూలోనూ అది పగటి గాలి వేళే. దేవుడు తోటలో నడుస్తున్నాడు. వాళ్లు చెట్ల చాటున దాక్కున్నారు. అంజూరపు ఆకులు కుట్టుకుని ఉన్నారు. బైబిల్లో మనిషి చేసిన మొదటి కుట్టుపని అదే, సిగ్గుతో చేసింది.

ఎక్కడున్నావు? ఆయన పిలుపు ఇదొక్కటే. తెలియక అడిగాడా అనే ప్రశ్న పిల్లలనుంచి పెద్దలదాకా అందరూ వేస్తారు. తెలిసే అడిగాడని, మాట కలపడానికి అడిగాడని, ఉన్నట్టుండి గద్దిస్తే వాడు బెదిరి నోరు మెదపలేడని మధ్యయుగపు యూదు వ్యాఖ్యాత రషి అంటాడు. మాస్టారు దీన్ని ఒక ఇంటి మాటగా చెప్పేవారు. బడి ఎగ్గొట్టిన పిల్లవాడు గాదె వెనక దాక్కుంటే తల్లికి కాళ్లు కనిపిస్తూనే ఉంటాయి. అయినా, "ఎక్కడున్నావురా" అని అరుగు మీదినుంచి పిలుస్తుంది, వాడంతట వాడు బయటికి రావాలని. ఆదాము వచ్చాడు, కానీ వస్తూనే నేరం భార్య మీద వేశాడు. ఆమె పాము మీద వేసింది. సంబంధం ఎక్కడ తెగిందో అక్కడ కనబడుతుంది. పండు కొరికినప్పటికంటే ఈ మాటల్లోనే నాకు ఎక్కువగా కనబడుతుంది.

తీర్పులో ముళ్లూ తుప్పలూ ఉన్నాయి, చెమట ఉంది, చివరికి మళ్లీ మన్నే ఉంది. ఆ వెంటనే తోలు బట్టలు. రబ్బీ మేయీరు దగ్గరున్న ప్రతిలో అక్కడ 'వెలుగు బట్టలు' అని ఉండేదని యూదుల పాత వ్యాఖ్యానం ఒకటి చెబుతుంది. హీబ్రూలో తోలుకూ వెలుగుకూ ఒక్క అక్షరమే తేడా, పలికితే రెండూ దాదాపు ఒకటే. ఈ సంగతి చెప్పినప్పుడు మేమంతా ముచ్చటపడ్డాం. మాస్టారు ఆరె చేతిలోకి తీసుకుని, దాని మొనను బొటనవేలితో తడుముతూ, "వెలుగు బాగానే ఉంటుంది. బయట ముళ్లున్నాయి కదా, ముళ్లకు తోలే ఆగుతుంది. వాళ్లు వెళ్లే దారి ఎలాంటిదో తెలిసినవాడు కుట్టిన బట్ట అది" అన్నారు. ఆకుల బట్ట రెండు రోజుల్లో ఎండి రాలిపోతుంది. దేవుడు ఇచ్చింది ప్రయాణానికి పనికొచ్చేది. తోటలోకి రానివ్వలేదు, వట్టి ఒంటితోనూ పంపలేదు.

తాల్ముడ్‌లో రబ్బీ సిమ్లాయి చెప్పినట్టుగా ఒక ఆలోచన ఉంది. మోషే ధర్మశాస్త్రం మొదలయ్యేదీ ముగిసేదీ దయతోనేనట. మొదట్లో దేవుడు వస్త్రం లేనివాళ్లకు తొడిగాడు. చివర్లో, ద్వితీయోపదేశకాండం ఆఖరున, మోషేను తానే పాతిపెట్టాడు. మాస్టారు చివరి క్లాసులో చెప్పింది ఇదే. "మా వాడలో వాళ్ల చేత ఊరు చేయించుకున్న పనులు ఏమిటో తెలుసా? తోలు కుట్టడం, గొయ్యి తవ్వడం. ఆ రెండూ ఆయన చేశాడు" అని పుస్తకం మూశారు.

మాస్టారి భూస్థాపన రోజున చాలామంది వచ్చారు. పాస్టరు గారు వాక్యం చదివాక తలా గుప్పెడు మన్ను వేశాం. అక్కడితో పెద్దలు చేతులు దులుపుకుని వెనక్కి తిరగడం, గొయ్యి తవ్వినవాళ్లు వచ్చి పని ముగించడం వాడుక. గోడ దగ్గర ఇద్దరు మనుషులు పారలు ఆనించుకుని నిలబడి ఉన్నారు. మాలో పెద్దవాడైన ఒకాయన, ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నవారు, అంగీ చేతులు పైకి మడిచి వాళ్ల దగ్గరికి వెళ్లి పార అడిగారు. వాళ్లు మొదట ఇవ్వలేదు. తరవాత ఇచ్చారు. మేము వంతులవారీగా మన్ను తోశాం. చల్లపూట, గాలి తిరిగింది. అలవాటు లేని పని కావడంతో నా అరచేతులు పొక్కాయి. మన్ను గుట్టగా లేచాక ఇక అయిపోయిందని నిలబడ్డాం. అంతవరకు పక్కన ఊరకే చూస్తున్న ఆ ఇద్దరిలో ఒకాయన దగ్గరికి వచ్చి, "అంచులు తొక్కండయ్యా, లేకపోతే మొదటి వానకే కుంగిపోద్ది" అన్నాడు. ఎలా తొక్కాలో చూపించాడు. మేము చెప్పులు విడిచి, ఆయన వెనకే చుట్టూ తిరుగుతూ తొక్కాం.